దుబాయి తివాచీని దాచుకోకండి, పరుచుకోండి!

ఇల్లు – ఇంపు

కోరుట్లలో ఉండే మా చెల్లెలు ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. తెల్లారీ తెల్లారకముందే ఫోన్ మోగితే మన గుండె ఎలా దడదడలాడుతుందో మీకు తెలియంది కాదు. అందులోనూ ఇంట్లో ఒక మనిషి గల్ఫ్ దేశంలో ఉంటే చెప్పనే అక్కర్లేదు.

"అక్కా, కార్పెట్ మొత్తం ఖరాబైందక్కా" అంది ఏడుపు గొంతుతో.

హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాను. కానీ అసలు సంగతి విన్నాక అది 'ఇంతే' కాదని తెలిసింది. మా మరిది పద్నాలుగేళ్ళుగా దుబాయిలో కట్టడాల పని చేస్తున్నాడు. ఆరేళ్ళ కిందట సెలవుకు వచ్చినప్పుడు పెద్ద కార్పెట్ ఒకటి మోసుకొచ్చాడు. ఎర్రటి నేల మీద బంగారు రంగు పువ్వులు. చూసిన వాళ్ళందరూ తడిమి తడిమి చూశారు. మా చెల్లెలు దాన్ని పరిచింది రెండంటే రెండేసార్లు. గృహప్రవేశానికి ఒకసారి, కొడుకు పుట్టిన రోజుకు ఒకసారి. ఆ తర్వాత పెద్ద ప్లాస్టిక్ కవరులో చుట్టి, లోపల గుప్పెడు డాంబర్ గోళీలు వేసి, తాడు కట్టి సజ్జ మీదికి ఎక్కించింది. ఇప్పుడు మరిది ఇక తిరిగి వెళ్ళకుండా దసరాకు వచ్చేస్తున్నాడు. పండుగ వెళ్ళగానే పెద్దపిల్లకు పెళ్ళిచూపులు. వచ్చేవాళ్ళను ఆ కార్పెట్ మీదే కూర్చోబెట్టాలని దించి విప్పి చూస్తే... గుప్పున ముక్క వాసన! వెనకవైపు తెల్లగా, పచ్చగా బూజు. ఒక మూలన అరచేయి అంత బొక్క.

"ఆయన ఎండల నిలబడి సంపాదించి తెచ్చిండక్కా. ఏమని చెప్పాలె?" అంది.

చూశారా, బాధ కార్పెట్ గురించి కాదు.

మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఇది ఒక్క ఇంటి కథ కాదు. గల్ఫ్‌లో తండ్రో, మగడో, కొడుకో లేని వాడకట్టు ఉండదంటే నమ్మండి. సెలవుకు వచ్చినప్పుడు తాళ్ళు బిగించిన అట్టపెట్టెల్లో పాలపొడి డబ్బాలు, మందపాటి దుప్పట్లు, సెంటు సీసాలు, వాటితో పాటు ఒక కార్పెట్టు! ఆ కార్పెట్టు మాత్రం నూటికి తొంభై ఇళ్ళలో సజ్జ మీదే ఉంటుంది. 'పాడవుతుందేమో' అని దాచిపెడతాం. దాచిపెట్టడం వల్లనే అది పాడవుతుంది. ఈ వారం మనం చెప్పుకోబోయే ముచ్చట ఇదే.

ముందు అది దేనితో చేసిందో తెలుసుకోండి

బస్సెక్కి కోరుట్ల వెళ్ళాను. సిరిసిల్ల చిన్నమ్మ కూడా ఆ వారం చెల్లెలింటికే వచ్చి ఉంది. చిన్నమ్మ వాళ్ళింట్లో నలభై ఏళ్ళుగా సాంచాలు నడుస్తున్నాయి. పవర్‌లూమ్‌ను సిరిసిల్లలో సాంచా అంటారు. పోగును వేళ్ళ మధ్య నలిపి అది ఏ నూలో చెప్పగలదు ఆవిడ.

"ఇది ఉన్నిదని ఎవలు జెప్పిండ్రు బిడ్డా?" అంది ఒక పోగు లాగి చూసి.

మా చెల్లెలికి అది ఉన్ని కార్పెట్టనే గట్టి నమ్మకం. అందుకే పురుగు పట్టకుండా డాంబర్ గోళీలు పోసింది. చిన్నమ్మ ఊరుకోలేదు. రెండు పరీక్షలు చేసి చూపించింది. మీరూ చేసి చూడండి.

మొదటిది నిప్పు పరీక్ష. కార్పెట్ వెనకవైపు అంచు నుంచి రెండు మూడు పోగులు లాగండి. పట్కారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్ళెం పెట్టి, పక్కన చెంబెడు నీళ్ళు ఉంచుకుని అంటించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన. కృత్రిమ పోగు అయితే మండే లోపే కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. వేడి మీద మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకుంటుంది. పిల్లలను కూడా ఆ దగ్గరికి రానివ్వకండి.

రెండోది నీళ్ళ పరీక్ష. గ్లాసెడు నీళ్ళలో ఒక చుక్క లిక్విడ్ సబ్బు వేసి, పోగులను వేళ్ళతో లోపలికి అదిమి వదలండి. ఉన్ని, నూలు, పాలియెస్టర్, నైలాన్ అన్నీ మునుగుతాయి. పాలీప్రొపిలీన్ అనే పోగు మాత్రం నీటికన్నా తేలిక కాబట్టి మళ్ళీ పైకి తేలుతుంది. మిషన్ మీద నేసి తక్కువ ధరకు అమ్మే కార్పెట్లలో చాలా వాటిలో ఉండేది ఈ పోగే.

మా చెల్లెలి కార్పెట్ పోగు తేలింది. దాని మొహం చిన్నబోయింది. "అయితే ఆయన్ని మోసం చేసిండ్రన్నట్టా?" అంది.

చిన్నమ్మకు కోపం వచ్చింది. "మోసమేంది? నీ మొగడు ఎంతల వస్తదో అంతల దెచ్చిండు. మా సాంచాల మీద నడిచేది పాలియెస్టరే. దాని మీదనే పిల్లల సదివిచ్చినం, పెండ్లిండ్లు జేసినం. కృత్రిమ పోగని తక్కువ జూడకు" అంది.

నిజమే కదండీ. ఉన్నికి దాని గుణం దానిది, దీనికి దీని గుణం దీనిది. ఏది మన ఇంట్లో ఉందో తెలిస్తే చాలు, దాన్ని ఎలా చూసుకోవాలో తెలుస్తుంది.

ఉన్ని తివాచీ మెత్తగా, వెచ్చగా ఉంటుంది, నలిగినా లేచి నిలబడుతుంది. కానీ ఉన్నిని తినే పురుగులు ఉన్నాయి. సోడా, ఘాటు సబ్బు, వేడి నీళ్ళు దానికి పడవు. పాలీప్రొపిలీన్‌ను పురుగు ముట్టదు, మరకలు కూడా త్వరగా ఇంకవు. కానీ నూనె మరక పట్టుకుంటే వదలదు, ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగిపోతుంది. అంటే మా చెల్లెలు ఆరేళ్ళ పాటు డాంబర్ గోళీలు వేసింది ఏ పురుగూ తినని కార్పెట్టుకు! మరి ఆ బొక్క? అది ఎలుక పని. పైన ఏ పురుగూ ముట్టని పోగు ఉన్నా, వెనకవైపు ఉండేది జనపనార. దానికి చెమ్మ తగిలితే బూజు ఖాయం.

పైగా డాంబర్ గోళీల విషయంలో ఒక జాగ్రత్త. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే లోపం ఉంటుంది. ఆ గోళీల వాసన పట్టిన దుప్పట్లలో చుడితే అలాంటి పసిపిల్లలకు రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. బిళ్ళ అనుకుని మింగే ప్రమాదమూ ఉంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ గోళీలు వాడకపోవడమే మంచిది.

బూజుకు మందు ఎండ

ఇక మా వైద్యం మొదలైంది. బూజు పట్టిన కార్పెట్‌ను ఇంట్లో దులపకండి. ఆ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళాం. రెండు మంచాలు నిలబెట్టి, వాటి మీద వెనకవైపు పైకి వచ్చేలా వేశాం. కింద గాలి ఆడాలి, అది ముఖ్యం. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఎండ. పూర్తిగా ఎండాకనే గట్టి బ్రష్షుతో బూజు దులిపాం. తడిగా ఉన్నప్పుడు రుద్దితే బూజు ఇంకా లోపలికి పోతుంది.

తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, వెనకవైపు తుడిచాం. గుడ్డ తడిగా ఉండాలే గానీ కార్పెట్ తడవకూడదు. మళ్ళీ ఎండ. ఇలా నాలుగు రోజులు. అయిదో నాటి రాత్రి ఆరిన కార్పెట్ మీద తినే సోడా పలచగా చల్లి, తెల్లారి ఊడ్చేశాం. ముక్క వాసన చాలా మటుకు పోయింది.

ఒక హెచ్చరిక. బూజు పోవాలని బ్లీచింగ్ పొడి చల్లకండి. రంగు పోతుంది. ఆ పొడి, వెనిగర్ కలిశాయంటే ఊపిరాడనివ్వని విషవాయువు వస్తుంది. రెండింటినీ ఎప్పుడూ ఒకచోట వాడవద్దు. నాలుగైదు ఎండలు తగిలినా వెనకవైపు బట్ట చేతితో లాగితే పిగిలిపోతూ ఉంటే, ఇక దాని మీద ఆశ వదులుకోండి. బాగున్న ముక్క కత్తిరించి, అంచు కుట్టి, మంచం పక్కన వేసుకోండి.

చాలామంది కార్పెట్‌ను డాబా మీద వేసి, పైపు పెట్టి, బట్టల సబ్బు పొడి చల్లి కాళ్ళతో తొక్కుతారు. వెనకవైపు జనపనార ఉంటే అది ఆరడానికి రోజులు పడుతుంది. ఈలోపు మళ్ళీ బూజు! చేతితో ముడులు వేసి నేసిన ఉన్ని తివాచీ అయితే రంగులు ఒకదానిలోకి ఒకటి దిగుతాయి. అలాంటి వాటిని అనుభవమున్న వాళ్ళ చేతే ఉతికించాలి. చిన్న ఉన్ని ముక్కలనూ, ఉన్ని ఆసనాలనూ ఇంట్లోనే చల్లటి కుంకుడు రసంతో మృదువుగా తుడవవచ్చు. తెల్లవాటికి మాత్రం వద్దు, కొంచెం గోధుమ రంగు అంటవచ్చు. మఖ్మల్ జానమాజ్ అయినా అంతే, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి.

పరిచిన కార్పెట్‌ను రోజూ చూసుకోవడం ఎలా?

కార్పెట్‌కు అసలు శత్రువు మరక కాదు, ఇసుక. కాళ్ళతో వచ్చిన సన్నటి ఇసుక రేణువులు పోగుల అడుగుకు చేరతాయి. మనం నడిచిన ప్రతిసారీ అవి చిన్న చిన్న కత్తుల్లా పోగును కోస్తాయి. అందుకే ఊడవని కార్పెట్ నడిచే దారిలో ముందు అరుగుతుంది. చెప్పులు బయట విడవడం మనకు ఎలాగూ అలవాటే. గడప బయట ఒక గోనె పట్టా, లోపల ఒక నూలు పట్టా వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది.

వారానికి రెండుసార్లైనా ఊడవండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే మెల్లగా, రెండు దిక్కులా నడపండి. లేకపోతే చీపురు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి, పోగు వాలిన వైపే ఊడవండి, దుమ్ము లేవదు. చేతితో నిమిరి చూస్తే పోగు ఎటు వాలిందో తెలుస్తుంది. నెలకొకసారి గోడ మీదో దండెం మీదో వేసి వెనకవైపు కర్రతో తట్టండి. ముందువైపు కొట్టకండి. దానికి ముందు వెనకవైపు తిప్పి చూడండి. అక్కడ జిగురు పూత ఉంటే తట్టకుండా దులిపితే చాలు. కొడితే ఆ పూత పగిలి రాలుతుంది.

షాబాద్ బండల ఇళ్ళలో వానకాలం నేల చెమరుస్తుంది. బండ మీద నేరుగా కార్పెట్ వేస్తే కింది నుంచి చెమ్మ పడుతుంది. అడుగున పాత జంపఖానా వేయండి. వారానికోసారి మూలలు ఎత్తి ఫ్యాను గాలి తగలనివ్వండి. ఆర్నెల్లకొకసారి కార్పెట్‌ను తల కింది వైపుకు, కింద తల వైపుకు తిప్పండి. నడక, ఎండ అంతటా సమానంగా పడతాయి.

పసుపు మరక నాకు నేర్పిన పాఠం

మరకల సంగతికొస్తే ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మా జగిత్యాల ఇంట్లో ఒకసారి పేరంటానికి వచ్చిన పాప పసుపు గిన్నె కార్పెట్ మీద బోర్లించింది. పసుపు పండే నేల మాది, పసుపు మరక ఎలా ఉంటుందో నాకు తెలియదా! అయినా తొందరలో బట్టల సోడా, సబ్బు వేసి బ్రష్షు పెట్టి రుద్దాను. చూస్తుండగానే పచ్చటి మరక నెత్తురు రంగులోకి తిరిగింది. వచ్చిన వాళ్ళు అపశకునమంటారేమోనని నా పై ప్రాణాలు పైకే పోయాయి.

అపశకునం కాదు, ఏమీ కాదు. పసుపులోని రంగుకు సోడా, సబ్బు లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. నిమ్మరసం లాంటి పులుపు తగిలితే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. పారాణి కూడా ఇలా పసుపు, సున్నం కలిసి ఎర్రబడిందే కదా! కాబట్టి పసుపు పడితే ముందు పొడిని చెంచాతో ఎత్తేయండి, తడి చేయకండి. మిగిలిన మరకను సగం నిమ్మరసం, సగం నీళ్ళలో ముంచిన గుడ్డతో అద్దండి. చల్లటి నీటి గుడ్డతో మళ్ళీ అద్దండి. ఆ తర్వాత ఆ భాగాన్ని ఎండకు పెట్టండి. పసుపు రంగు ఎండకు నిలవదు. రెండు మూడు రోజుల్లో దానంతట అదే వెలిసిపోతుంది.

ఏ మరకకైనా మూడే సూత్రాలు. వెంటనే చూడండి. రుద్దకండి, అద్దండి. అంచు నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి బయటికి తుడిస్తే రూపాయంత మరక పళ్ళెమంత అవుతుంది. ఏ మందైనా ముందు కనిపించని మూలన వేసి చూసి, రంగు దిగకపోతేనే వాడండి.

నూనె, నెయ్యి పడితే: బియ్యప్పిండి గానీ, ముఖానికి రాసే పౌడరు గానీ దట్టంగా చల్లి అరగంట ఆగండి. నూనెను పీల్చుకుంటుంది. ఊడ్చి మళ్ళీ చల్లండి. మిగిలితే గ్లాసు నీళ్ళలో పావు చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలిపి అద్దండి.

పాలు, రక్తం: చల్లటి నీళ్ళే వాడాలి. వేడి నీళ్ళు తగిలితే ఉడికిన గుడ్డులా గట్టిపడి పోగుకు పట్టుకుంటాయి. పాలు అడుగున మిగిలితే రెండో రోజుకే పులిసిన వాసన.

చాయ్: పొడిగుడ్డతో పీల్చి, చల్లటి నీళ్ళతో, ఆపైన నీళ్ళు కలిపిన వెనిగర్‌తో అద్దండి.

పిల్లల మూత్రం: తువ్వాలు వేసి మీద నిలబడి తొక్కండి, తడంతా దానికి వస్తుంది. తర్వాత నీళ్ళు కలిపిన వెనిగర్‌తో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టండి.

గునుగు రంగు: బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు వేసే అద్దకం రంగు తడి కార్పెట్ మీద పడితే వదలదు. దీనికి మందు లేదు, జాగ్రత్తే మందు. ఆ రెండు గంటలు కార్పెట్ చుట్టి పక్కన పెట్టి, చాప మీద కూర్చుని పేర్చుకోండి.

పరిచి ఉంచడం కుదరకపోతే

చిన్న ఇల్లు, ఎప్పుడూ పరిచి ఉంచలేమంటారా? దాచండి, కానీ ఒక పద్ధతి ప్రకారం దాచండి. బాగా ఎండబెట్టి, దులిపాకనే దాచాలి. మడత పెట్టవద్దు, మడత దగ్గర వెనకవైపు పగులుతుంది. పీవీసీ పైపు మీదో, అట్ట గొట్టం మీదో చుట్టండి. ప్లాస్టిక్ కవరు అస్సలు వద్దు. వానకాలం చెమ్మ లోపల ఉండిపోయి బయటికి పోలేదు, మా చెల్లెలింట్లో జరిగింది అదే. ఉతికిన పాత నూలు దుప్పటి చుట్టండి, గాలి ఆడుతుంది, దుమ్ము పడదు.

నేల మీద, గోడకు ఆనించి పెడితే చెదలు పడతాయి. బల్ల మీదో మంచం మీదో ఉంచండి. ఉన్నిదైతే ఎండిన వేపాకు మూట పెట్టవచ్చు. కానీ వేపాకు పెట్టాం కదా అని మరిచిపోవద్దు. పురుగుకు చీకటి, కదలిక లేకపోవడం ఇష్టం. రెండు నెలలకొకసారి విప్పి, దులిపి, గంటసేపు ఎండ చూపించడమే దానికి అసలు మందు.

ఏ ఇంటికి కార్పెట్ వద్దు?

నన్నడిగితే కార్పెట్ అందరి ఇంటికీ అక్కర్లేదు. ఇంట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే, పొద్దున లేవగానే ఒకటే తుమ్ములుంటే, పడకగదిలో మందపాటి కార్పెట్ వేయకండి. కార్పెట్ అడుగున కంటికి కనిపించనంత చిన్న ధూళి పురుగులు ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటికి తిండి, గాలిలో చెమ్మ ఉంటే చాలు పెరిగిపోతాయి. వాటి మలంతో కలిసిన దుమ్ము పీలిస్తే కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఎండ, పొడిగాలి వాటికి పడవు. ఉన్ని దుప్పట్లనూ దిండ్లనూ ఎండకు వేసే మన పెద్దల అలవాటు ఊరికే వచ్చింది కాదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చేసే అక్కచెల్లెళ్ళకు మరొక మాట. చాట ఒళ్ళో పెట్టుకుని కార్పెట్ మీద కూర్చోకండి. తంబాకు పొడి పోగుల్లోకి దిగితే ఏ చీపురుకూ రాదు. పాకే పిల్లలు అరచేతులు దాని మీద ఆనించి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. ఆ పనికి చాపే మేలు, పని కాగానే బయట దులిపేయవచ్చు. సాంచాల ఇళ్ళలో ఎగిరే నూగు సంగతీ అంతే. మా చిన్నమ్మ ఇంట్లో కార్పెట్ లేనే లేదు. జంపఖానానే.

జంపఖానా అంటే గుర్తొచ్చింది. మనకు దగ్గరలోనే వరంగల్ ఉంది. అక్కడ నేసిన తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. ఇప్పటికీ కొత్తవాడలో నేతగాళ్ళు నూలు జంపఖానాలు నేస్తున్నారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానికి పైన లేచి ఉండే పోగులు ఉండవు కాబట్టి ఇసుక, ధూళి దాక్కోవు. రెండు వైపులా పరుచుకోవచ్చు. రంగు గట్టిదో కాదో మూలన తడిగుడ్డతో చూసి, చల్లటి నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేయవచ్చు. పిల్లలున్న ఇంటికి, నలుగురు వచ్చి కూర్చునే ఇంటికి ఇంతకన్నా అనువైనది ఉందా చెప్పండి? ముందు గదిలో కార్పెట్, పడకగదిలో జంపఖానా... ఎలా ఉంది నా సలహా?

మరి మరిది వచ్చాడు

ఎలుక కొరికిన మూలకు అడుగున మందపాటి కాన్వాసు గుడ్డ వేసి, దబ్బనంతో కుట్టాం. ఆ మూల దివాను కిందికి వచ్చేలా తిప్పి పరిచాం. ఎర్రటి నేల, బంగారు పువ్వులు... గది మళ్ళీ కళకళలాడింది. "ఇంకా మీద పెట్టకు" అని చెల్లెలితో ఒట్టు వేయించుకుని జగిత్యాల వచ్చేశాను.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు మరిది దిగాడు. రాత్రి చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. స్నానం చేసి వచ్చి కార్పెట్ మీదే కూర్చున్నాడట. అన్నం అక్కడికే తెమ్మన్నాడట. ఇది మనసు ఆపుకోలేక బూజు సంగతి, బొక్క సంగతి, అది ఉన్నిది కాదన్న సంగతి అన్నీ చెప్పేసిందట.

"ఉన్నిది కాదని నాకు ఎరుకనే. ఉన్నిది గొనాల్నంటే ఇంకో రెండు నెలల పైసలు కావాలె, గప్పుడు బిడ్డ ఫీజు గట్టేదుండె. అయినా నేను దెచ్చింది మీరు కూసునెతందుకు గని, సజ్జ మీద పెట్టి సూసెతందుకా?" అన్నాడట.

ఇదీ సంగతి. వస్తువు తెచ్చిన మనిషి దాన్ని మనం వాడుకోవాలనే తెస్తాడు. మనమేమో వస్తువు మీది ప్రేమతోనే దానికి గాలి, వెలుతురు లేకుండా చేస్తాం. పరిచిన కార్పెట్ కొంచెం అరుగుతుంది. అరగనివ్వండి! దాచిన కార్పెట్ మొత్తం పోతుంది.

ఈ ఆదివారం మీరు కూడా సజ్జ మీదికి ఒకసారి చూడండి. అక్కడ ప్లాస్టిక్‌లో చుట్టిన మూట కనిపిస్తే దించండి. రెండు గంటలు ఎండ చూపించి, పరుచుకుని, ఇంటిల్లిపాదీ దాని మీద కూర్చుని చాయ్ తాగండి. చాయ్ ఒలికితే ఏం చేయాలో ఎలాగూ చెప్పాను కదా!

కత్తిరించి దాచుకోండి

• సోఫా కాళ్ళ కింద పోగు అణిగి గుంట పడితే, ఆ గుంటలో ఒక ఐసు ముక్క పెట్టండి. కరిగాక తడి అద్ది, చెంచా వెనకవైపుతో పోగును మెల్లగా లేపండి.

• పోగు ఒకటి పైకి లేస్తే లాగవద్దు. మిగతా పోగుల ఎత్తుకు కత్తెరతో కత్తిరించండి.

• చూయింగ్ గమ్, మైనం అంటుకుంటే ఐసుతో గట్టిపడనిచ్చి, చెంచాతో పెళ్ళగించండి.

• నున్నటి టైల్స్ మీద కార్పెట్ జారితే పెద్దవాళ్ళు పడిపోతారు. అడుగున జారకుండా ఉండే రబ్బరు జాలీ వేయండి.

• కొత్త కార్పెట్ కొనేటప్పుడు వెనక ఉన్న చీటీ చదవండి. ఆ చీటీని చింపి పారేయకండి.

• ఊడ్చినప్పుడు కార్పెట్‌ను సగం మడిచి అడుగున నేలను కూడా ఊడవండి. చెదలు, చెమ్మ ముందు కనిపించేది అక్కడే.